పాత డెస్క్‌టాప్: ఓవర్‌క్లాక్ చేయాలా, ప్రాసెసర్ మార్చాలా, బోర్డు మార్చాలా?

పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌ను పారేయబుద్ధి కాదు, వాడబోతే ఓపిక చాలదు. అలాంటప్పుడే ఓవర్‌క్లాకింగ్ మీదికి, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం మీదికి, మనసు పోతుంది. కాస్త వెతికితే మన దగ్గరున్న ప్రాసెసర్‌నే ఎవరో 4.5 గిగాహెర్ట్జ్ దాకా లాగినట్టు కనిపిస్తుంది. సరేనని మనమూ మొదలుపెడతాం. 3.6 దగ్గరో 3.8 దగ్గరో సిస్టమ్ మొండికేస్తుంది. మనకు పడిన చిప్పే నాసిరకం అనుకుని సరిపెట్టుకుంటాం. పాత సిస్టమ్‌లు విప్పి చూసిన అనుభవంతో చెబుతున్నాను, చాలాసార్లు ఆ నింద చిప్ మీద అన్యాయంగా పడుతుంది. అడ్డుపడేది మదర్‌బోర్డు.

కాబట్టి "నా ప్రాసెసర్ ఎంత దూరం వెళ్తుంది" అని అడిగేకంటే "నా బోర్డులో ముందుగా ఏ హద్దు తగులుతుంది" అని అడిగితే పని జరుగుతుంది. ఒక్కో హద్దుకు ఒక్కో మందు ఉంది, ఒకటి రెండింటికి మందే లేదు. ఏది తగులుతోందో తెలియకుండా కూలర్ కొనడం, ర్యామ్ కొనడం, వోల్టేజ్ పెంచుకుంటూ పోవడం వల్ల డబ్బు, రోజులు రెండూ పోతాయి.

## బోర్డు నాలుగు చోట్ల ఆపుతుంది

మొదటిది అనుమతి. మల్టిప్లయర్ (మూల క్లాక్‌ను ఎన్ని రెట్లు చేస్తే ప్రాసెసర్ వేగం వస్తుందో చెప్పే అంకె) మార్చే వీలు ప్రాసెసర్‌లో ఉండాలి, చిప్‌సెట్‌లో (బోర్డు మీది ప్రధాన కంట్రోల్ చిప్) ఉండాలి, బయోస్‌లోనూ (బోర్డు సెట్టింగ్‌లు మార్చే ప్రోగ్రామ్) ఉండాలి. మూడింట్లో ఒక్కటి లేకపోయినా మల్టిప్లయర్ కథ అక్కడితో సరి. 2011 నాటి కోర్ ఐ5-2500కె అన్‌లాక్ చేసిన ప్రాసెసరే, కానీ హెచ్61 చిప్‌సెట్ ఉన్న బోర్డులో పెడితే దాని మల్టిప్లయర్ కదలదు. అదే చిప్ పి67, జెడ్68, జెడ్77 బోర్డుల్లో హాయిగా కదులుతుంది. పెద్ద కంపెనీల రెడీమేడ్ డెస్క్‌టాప్‌ల్లో అయితే చాలావాటి బయోస్‌లో ఆ పేజీయే కనిపించదు.

రెండోది క్లాక్. కోర్ 2 కాలపు సిస్టమ్‌ల్లో ప్రాసెసర్ వేగం అంటే ఎఫ్ఎస్‌బీని (ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే ఫ్రంట్ సైడ్ బస్ క్లాక్) మల్టిప్లయర్‌తో గుణించిన అంకె. ఎఫ్ఎస్‌బీ పెంచితే నార్త్‌బ్రిడ్జ్ (ప్రాసెసర్‌ను ర్యామ్‌తో కలిపే చిప్), అందులో ఉన్న మెమరీ కంట్రోలర్, ర్యామ్ అన్నీ వెంట పరిగెత్తాలి. ఒక అంకె దాటాక బోర్డు బూట్ కాదు, ఎంత వోల్టేజ్ ఇచ్చినా కాదు. దాన్నే ఎఫ్ఎస్‌బీ వాల్ అంటారు. 2011లో వచ్చిన శాండీ బ్రిడ్జ్ తరం ప్రాసెసర్లతో ఇంటెల్ క్లాక్ జనరేటర్‌ను చిప్‌సెట్ లోపలికి తెచ్చింది. ఆ తరంలో ఒకే 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్ (మూల క్లాక్) మీదే ప్రాసెసర్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ (గ్రాఫిక్స్ కార్డ్ దారి), సాటా (డిస్క్ దారి) అన్నీ ఆధారపడ్డాయి. 103, 105 దాటితే ప్రాసెసర్ కంటే ముందు డిస్క్, యూఎస్‌బీ గొడవ చేస్తాయి.

మూడోది కరెంటు. నాలుగోది వయసు. ఈ రెండింటి గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మొదటి రెండూ బయోస్‌లో కనిపిస్తాయి, ఇవి కనిపించవు.

సైడ్ ప్యానెల్ తీసి టార్చ్ వేసి చూడండి. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పక్కన వరసగా నల్లటి చతురస్రపు దిమ్మలు ఉంటాయి. అవి చోక్‌లు. వాటిని ఆనుకుని పల్చటి మాస్‌ఫెట్‌లు, చిన్న డబ్బాల్లా నిలబడ్డ కెపాసిటర్లు. పవర్ సప్లై ఇచ్చే 12 వోల్ట్లను ప్రాసెసర్‌కు కావలసిన 1.2, 1.3 వోల్ట్లకు దించేది ఈ గుంపే. దీన్నే వీఆర్ఎం అంటాం. మాస్‌ఫెట్‌ల మీద హీట్‌సింక్ ఉందా, చోక్‌లు నాలుగా ఎనిమిదా, ప్రాసెసర్ పవర్ ప్లగ్ 4 పిన్‌లదా 8 పిన్‌లదా అన్న మూడు విషయాలు చూస్తే బోర్డు సత్తా సగం తెలిసిపోతుంది.

ఇక లెక్క. ప్రాసెసర్ తాగే పవర్ వేగంతో పాటు సమానంగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 4.0 గిగాహెర్ట్జ్ దగ్గర 1.25 వోల్ట్లతో 125 వాట్లు తీసుకునే చిప్‌ను 1.45 వోల్ట్లతో 4.6కు తెచ్చారనుకుందాం. వేగం పెరిగింది 15 శాతం. పవర్ 193 వాట్లకు చేరింది, అంటే దాదాపు 55 శాతం ఎక్కువ. వీఆర్ఎం నుంచి వెళ్లే కరెంటు 100 ఆంపియర్ల నుంచి 133కు పెరిగింది. మాస్‌ఫెట్ రెసిస్టెన్స్ వల్ల పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 78 శాతం పెరిగింది. మనం సంపాదించిన 15 శాతానికి వీఆర్ఎం కట్టిన మూల్యం అది. వీఆర్ఎంలో కొంత పవర్ వృథా అవుతుంది కనుక 12 వోల్ట్ల వైపు నుంచి సుమారు 19 ఆంపియర్లు లాగుతుంది. పాత 4 పిన్ ప్లగ్‌లో 12 వోల్ట్ల తీగలు రెండే, ఒక్కో తీగ మీద తొమ్మిదిన్నర ఆంపియర్ల దాకా పడుతుంది. 8 పిన్ ప్లగ్‌లో అలాంటి తీగలు నాలుగు. ప్లగ్ ముట్టుకుంటే చుర్రుమంటే ఆ సెట్టింగ్ ఆ బోర్డుకు తగదని అర్థం.

నాకు ఈ పాఠం ఏఎండీ ప్రాసెసర్ ఎఫ్ఎక్స్-8350 నేర్పింది. మాస్‌ఫెట్‌ల మీద హీట్‌సింక్ లేని, 4+1 ఫేజ్‌ల (వీఆర్ఎంలో కరెంటును పంచుకునే భాగాలు) చిన్న బోర్డు. ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్ తీసేసి పెద్ద టవర్ కూలర్ పెట్టి 4.4కు తెచ్చాను. ప్రాసెసర్ వేడి 58 డిగ్రీలు దాటలేదు, చాలా సంతోషించాను. కానీ వీడియో ఎన్‌కోడింగ్‌కు పట్టే సమయం తగ్గకపోగా పెరిగింది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే మానిటరింగ్ ప్రోగ్రామ్‌లో క్లాక్ గ్రాఫ్ పెట్టి చూస్తే ప్రతి కొన్ని సెకన్లకూ 4.4 నుంచి 1.4కు పడి లేస్తోంది. వీఆర్ఎం వేడెక్కి బోర్డే ప్రాసెసర్‌ను కిందికి లాగేస్తోంది. తర్వాత తెలిసింది, పాత కూలర్ గాలిని కిందికి ఊదేది, ఆ గాలిలో కొంత వీఆర్ఎంకూ తగిలేది. టవర్ కూలర్ గాలిని అడ్డంగా వెనక్కి పంపేస్తుంది. మంచి కూలర్ పెట్టి బోర్డుకు ఉన్న కాస్త గాలీ నేనే తీసేశాను. చిన్న ఫ్యాన్ ఒకటి వీఆర్ఎం వైపు తిప్పి కట్టాక పడిపోవడం తగ్గింది. చివరికి 4.2 దగ్గర, వోల్టేజ్ తగ్గించి ఆపాను. ఎన్‌కోడింగ్ 4.4 కంటే త్వరగా అయ్యింది.

వయసు సంగతి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికి సుమారు సగానికి తగ్గుతుంది. పై మూత ఉబ్బినా, అడుగున గోధుమరంగు మరక కనిపించినా ఆ బోర్డును ఓవర్‌క్లాక్ చేసే ఆలోచన మానుకోండి. దీని మీద చర్చకు తావు లేదు. పైన గాటు లేని, చదునైన లోహపు మూత ఉన్న సాలిడ్ కెపాసిటర్లు అయితే కొంత ధైర్యం. వీఆర్ఎం హీట్‌సింక్ కింది ప్యాడ్‌లు కూడా ఇన్నేళ్లకు ఎండి గట్టిపడతాయి, మార్చుకోవాలి.

## ఏ సాకెట్‌లో ఏ హద్దు ముందు తగులుతుంది

| సాకెట్ | ఉదాహరణలు | ముందుగా తగిలే హద్దు | ఓవర్‌క్లాక్‌కు దారి |
|---|---|---|---|
| ఎల్‌జీఏ 775 | క్యూ6600, ఇ8400 | ఎఫ్ఎస్‌బీ వాల్, నార్త్‌బ్రిడ్జ్ వేడి | పి35, పి45 బోర్డుల్లో బాగుంది |
| ఎల్‌జీఏ 1366 | ఐ7-920 | వీఆర్ఎం వేడి, అన్‌కోర్ (చిప్‌లో కోర్లు కాని భాగం) వేగం | బాగుంది, ఓపిక కావాలి |
| ఎల్‌జీఏ 1155, పి67/జెడ్68/జెడ్77 | ఐ5-2500కె, ఐ7-3770కె | చిప్ వేడి, ఆపైన వీఆర్ఎం | అన్నిటికన్నా సులువు |
| ఎల్‌జీఏ 1155, హెచ్61/బి75 | ఐ5-2400 | అనుమతి | లేదనే అనుకోండి |
| ఏఎం3+ | ఎఫ్ఎక్స్-6300, ఎఫ్ఎక్స్-8350 | వీఆర్ఎం | పూర్తిగా బోర్డును బట్టి |
| రెడీమేడ్ డెస్క్‌టాప్ | ఏదైనా | బయోస్ | చాలావాటిలో లేదు |

ఇప్పుడు చేతిలో ఉన్న దారులు చూద్దాం.

## ఒకటో దారి: ఉన్న బోర్డులోనే మల్టిప్లయర్ పెంచడం

అనుమతి ఉంటే దీన్ని మించింది లేదు. మల్టిప్లయర్ ఒక్కటే కదులుతుంది, డిస్క్, యూఎస్‌బీ, ర్యామ్ వాటి మానాన అవి ఉంటాయి. అంటే నాలుగు హద్దుల్లో రెండోది అసలు అడ్డు రాదు. ఐ5-2500కె మామూలు వేగం 3.3 గిగాహెర్ట్జ్, టర్బో (లోడ్ పడినప్పుడు తనంతట తానే అందుకునే వేగం) 3.7. జెడ్68 లాంటి బోర్డులో అన్ని కోర్లనూ 4.2 దగ్గర నడపడం ఈ చిప్‌కు పెద్ద శ్రమ కాదు. అక్కడ ఆపితే నాసిరకం వీఆర్ఎం కూడా తట్టుకుంటుంది.

ఏఎండీ ఎఫ్ఎక్స్ ప్రాసెసర్లన్నీ అన్‌లాక్ చేసినవే. అందుకే ఎఫ్ఎక్స్ వాళ్లు ఎక్కువగా మోసపోతారు. బయోస్ అన్నిటికీ సరేనంటుంది, వీఆర్ఎం మాత్రం దేనికీ ఒప్పుకోదు. హీట్‌సింక్ లేని బోర్డులో 8350 ఉంటే అసలు పెంచకండి, వీలైతే వోల్టేజ్ కొంచెం తగ్గించండి. 95 వాట్ల 6300 అయితే కొద్దిగా పెంచుకోవచ్చు.

హస్వెల్ (2013 నాటి ఇంటెల్ ప్రాసెసర్ల తరం) కాలపు వాళ్లకు ఒక మాట. అందులో చివరి వోల్టేజ్ రెగ్యులేటర్‌ను ఇంటెల్ ప్రాసెసర్ లోపలే పెట్టింది, బోర్డు సుమారు 1.8 వోల్ట్లు ఇస్తే చాలు. వోల్టేజ్ ఎక్కువ కాబట్టి అదే పవర్‌కు బోర్డు వీఆర్ఎం మీద కరెంటు తక్కువ. 2014లో వచ్చిన పెంటియమ్ జి3258ను కొందరు హెచ్81, బి85 బోర్డుల్లో కూడా ఓవర్‌క్లాక్ చేయగలిగారు. తర్వాత మైక్రోకోడ్ (బయోస్‌తో వచ్చే ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్పులతో ఆ తలుపు మూసుకుంటూ వచ్చింది. అలాంటి బోర్డు ఉన్నవాళ్లు బయోస్ అప్‌డేట్ చేసేముందు రెండుసార్లు ఆలోచించండి.

## రెండో దారి: ఎఫ్ఎస్‌బీ, బేస్ క్లాక్ పెంచడం

ఎల్‌జీఏ 775కు ఇదే రాజమార్గం. ఇ8400 మల్టిప్లయర్ 9, ఎఫ్ఎస్‌బీ 333. దాన్ని 400 చేస్తే 3.6 గిగాహెర్ట్జ్ వస్తుంది. 400 దగ్గర ఇంకో సుఖం ఉంది: డీడీఆర్2-800 ర్యామ్ 1:1 రేషియోలో (ర్యామ్ క్లాక్, ఎఫ్ఎస్‌బీ సమానంగా) తన మామూలు వేగంలోనే నడుస్తుంది. క్యూ6600లో రెండు డ్యూయల్ కోర్ ముక్కలు ఒకే ఎఫ్ఎస్‌బీని పంచుకుంటాయి, ఆ ఎఫ్ఎస్‌బీ మీద బరువు ఎక్కువ. అందుకని అదే బోర్డు డ్యూయల్ కోర్‌తో వెళ్లినంత దూరం క్వాడ్‌తో వెళ్లదు. క్యూ6600ను 333 ఎఫ్ఎస్‌బీతో 3.0 దగ్గర నడపడం నిదానమైన, నమ్మకమైన లక్ష్యం.

ఆగింది చిప్ వల్లా, బోర్డు వల్లా అని తేల్చే పద్ధతి ఒకటుంది. మల్టిప్లయర్‌ను 6కు దించండి, ర్యామ్ రేషియోను అన్నిటికన్నా తక్కువకు పెట్టండి. ఇప్పుడు ఎఫ్ఎస్‌బీని పదేసి మెగాహెర్ట్జ్‌లు పెంచుకుంటూ వెళ్లండి. 6 మల్టిప్లయర్‌తో 400 దగ్గర కూడా ప్రాసెసర్ 2.4లోనే ఉంటుంది, దానికి అది లెక్క కాదు. కాబట్టి బూట్ కాకుండా ఆగిన అంకె బోర్డుదే. ఆ అంకెకు ఒక 15 మెగాహెర్ట్జ్ కింద ఉండిపోండి. రాత్రంతా వోల్టేజ్‌తో కుస్తీ పట్టే అవసరం ఈ ఒక్క పరీక్షతో తప్పుతుంది.

ఎల్‌జీఏ 1366లో బేస్ క్లాక్ 133, పీసీఐ ఎక్స్‌ప్రెస్ దానితో ముడిపడి లేదు. 200కు తెస్తే ఐ7-920 మల్టిప్లయర్ 20తో 4.0 అవుతుంది. మెమరీ, అన్‌కోర్, క్యూపీఐ (ప్రాసెసర్‌ను చిప్‌సెట్‌తో కలిపే లింక్) మూడూ వెంట పెరుగుతాయి, వాటి రేషియోలు దించుకుంటూ రావాలి. ఈ సాకెట్‌ను నేను ఇష్టపడేది ఇందుకే: చేసే పనికి తగిన ఫలం కనిపిస్తుంది.

ఎల్‌జీఏ 1155లో మాత్రం ఈ దారి వద్దు. 100ను 104 చేస్తే వచ్చేది 4 శాతం. దానికోసం సాటా కంట్రోలర్‌ను ఇరకాటంలో పెట్టడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. పైగా ఇక్కడి తప్పులు బయటపడవు. విండోస్ తెరుచుకుంటుంది, ఆటలు ఆడుతాయి, ఏదో ఒక ఫైల్ మాత్రం నిశ్శబ్దంగా పాడై ఉంటుంది. బ్యాకప్ లేని డిస్క్‌తో బేస్ క్లాక్ జోలికి ఎవరూ వెళ్లకూడదు.

## మూడో దారి: అదే సాకెట్‌లో పెద్ద ప్రాసెసర్

అనుమతి లేని బోర్డు ఉన్నవాళ్లకు నా మొదటి సలహా ఇదే. హెచ్61లో ఐ5-2400 ఉంటే ఐ7-2600 పెట్టండి. రెండూ 95 వాట్ల రేటింగ్‌వే, వీఆర్ఎంకు కొత్త కష్టం పెద్దగా ఉండదు. టర్బో 3.4 నుంచి 3.8కు పెరుగుతుంది, థ్రెడ్‌లు (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పనుల వరసలు) 4 నుంచి 8 అవుతాయి. లాక్ ఉన్న బోర్డులో ఏ ఓవర్‌క్లాక్ ఇంత ఇవ్వదు.

ఇంకా అందమైన ఉదాహరణ 1366ది. ఐ7-920కి నాలుగు కోర్లు, 130 వాట్లు. 2010లో వచ్చిన జియాన్ ఎక్స్5650కి ఆరు కోర్లు, 95 వాట్లు, మూల వేగం అదే 2.66. కోర్లు పెరిగి కూడా పవర్ రేటింగ్ తగ్గుతుంది, అంటే ఓవర్‌క్లాక్‌కు వీఆర్ఎంలో చోటు మిగులుతుంది. 32 నానోమీటర్ల చిప్‌లను గుర్తుపట్టే బయోస్ ఉండాలి, అంతే. కొనేముందు బోర్డు తయారీదారు ఇచ్చిన ప్రాసెసర్ల జాబితా చూసుకోండి. ఐవీ బ్రిడ్జ్‌కు (శాండీ బ్రిడ్జ్ తర్వాతి తరం) మారే వాళ్లకూ ఇదే హెచ్చరిక: 6 సిరీస్ (హెచ్61, పి67, జెడ్68 లాంటి) బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ కావాలి, బి65, క్యూ65, క్యూ67 చిప్‌సెట్‌లకు ఐవీ బ్రిడ్జ్ మద్దతు లేదు.

## నాలుగో దారి: పాత బోర్డు తీసి ఇంకో పాత బోర్డు

దీనికి నేను తేలిగ్గా ఒప్పుకోను. చేతిలో ఇప్పటికే కె చిప్ (పేరు చివర కె ఉన్న అన్‌లాక్ ప్రాసెసర్) ఉండి, అది హెచ్61లో మగ్గుతుంటే జెడ్68, జెడ్77 బోర్డు కొనడంలో అర్థం ఉంది. కె లేని ఐ5-2400 కోసం అయితే లేదు. జెడ్ బోర్డులో కూడా దాని టర్బో నాలుగు మెట్లు మాత్రమే ఎక్కుతుంది, 3.4 నుంచి 3.8. అది ఐ7-2600 టర్బోతో సమానం, కానీ నాలుగు థ్రెడ్‌లే.

వాడిన బోర్డు కొంటే అది ముందు యజమాని దగ్గర ఏ పాట్లు పడిందో మనకు తెలియదు. ఓవర్‌క్లాక్‌కు పనికొచ్చే బోర్డు అంటే ఇదివరకే ఎవరో ఓవర్‌క్లాక్ చేసిన బోర్డు అయ్యే అవకాశం ఎక్కువ. సాకెట్ పిన్నులను వెలుతురులో అన్ని వైపుల నుంచీ చూడండి, వీఆర్ఎం చుట్టూ బోర్డు రంగు ముదిరిందేమో వెనక వైపు తిప్పి చూడండి. పి67, హెచ్67 కొంటుంటే బి3 స్టెప్పింగ్ (లోపం సరిదిద్దిన చిప్‌సెట్ వెర్షన్) అడగండి. 2011 జనవరిలో ఇంటెల్ ఈ చిప్‌సెట్‌ల మొదటి విడతను వెనక్కి పిలిచింది, అందులోని 3 గిగాబిట్ సాటా పోర్టులు కాలక్రమంలో బలహీనపడే లోపం వల్ల.

## ఐదో దారి: క్లాక్ జోలికి పోకపోవడం

మామూలు హార్డ్ డిస్క్ మీద నడుస్తున్న సిస్టమ్ అయితే మీ సమస్య ప్రాసెసర్ వేగం కాకపోవచ్చు. బ్రౌజర్ తెరిచేటప్పుడు టాస్క్ మేనేజర్ చూడండి. డిస్క్ 100 శాతం, ప్రాసెసర్ 30 శాతం ఉంటే ఎస్ఎస్‌డీ తెచ్చుకోండి. అది రేపు ఏ సిస్టమ్‌కు మారినా వెంట వస్తుంది, బోర్డు మీద పెట్టిన డబ్బు బోర్డుతోనే పోతుంది. ఆ తేడా ఈ రోజుల్లో ఇంకా ముఖ్యం. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్‌లో ముగిసింది, పై పట్టికలోని ప్రాసెసర్లేవీ విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు.

## మీరు ఏ కోవలో ఉన్నారు?

ఆఫీసు పని, చదువు, లెక్కలు ఈ సిస్టమ్ మీదే ఆధారపడి ఉంటే ఐదో దారి, తర్వాత మూడోది. ఓవర్‌క్లాక్ వద్దు, బోర్డు ఎంత మంచిదైనా సరే.

ఆటలు ఆడేవాళ్లు ముందు గ్రాఫిక్స్ కార్డ్ వినియోగం చూసుకోండి. అది 95 శాతం పైన ఉంటే ప్రాసెసర్‌ను పెంచినా ఫ్రేమ్‌లు పెరగవు. 60, 70 శాతంలో తచ్చాడుతుంటే మొదటి దారి మీకోసమే. ఎన్‌కోడింగ్, రెండరింగ్ చేసేవాళ్లకు గిగాహెర్ట్జ్ కంటే థ్రెడ్‌లు ముఖ్యం, నేరుగా మూడో దారికి వెళ్లండి. గంటల తరబడి పూర్తి లోడ్ పడే పని ఇది, బలహీనమైన వీఆర్ఎం గుట్టు ఇక్కడే రట్టవుతుంది.

నేర్చుకోవాలనే సరదా ఉన్నవాళ్లు, రెండో సిస్టమ్ చేతిలో ఉన్నవాళ్లు మొహమాటం లేకుండా 775, 1366 తీసుకోండి. క్లాక్, రేషియో, వోల్టేజ్ ఒకదానికొకటి ఎలా అల్లుకుని ఉంటాయో వాటిలో తెలిసినంతగా కొత్త బోర్డుల్లో తెలియదు.

## మొదలుపెట్టాక

ముందు ఏమీ మార్చకుండా ప్రైమ్95 (ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ పెట్టే ప్రోగ్రామ్) అరగంట నడిపి ప్రాసెసర్ వేడి, క్లాక్, వోల్టేజ్ కాగితం మీద రాసుకోండి. మామూలు వేగంలోనే క్లాక్ పడిపోతుంటే బోర్డు తన హద్దు అప్పుడే చెప్పేసింది. పడకపోతే ఒక్కో మెట్టు ఎక్కండి, ప్రతి మెట్టు దగ్గరా వేడితో పాటు క్లాక్ గ్రాఫ్ కూడా చూడండి. వోల్టేజ్‌ను ఆటోలో వదలకండి, చాలా బోర్డులు అవసరానికి మించి ఇచ్చేస్తాయి. ఎఫ్ఎస్‌బీ గానీ బేస్ క్లాక్ గానీ కదిపితే మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) ఒక పూర్తి రౌండ్ తప్పనిసరి.

పాత బోర్డుల్లో చాలావాటికి వీఆర్ఎం దగ్గర సెన్సర్ ఉండదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే దానితో చూడవచ్చు. మెరిసే లోహం మీద నేరుగా పెడితే అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది, హీట్‌సింక్ మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి దాని మీద గురిపెట్టండి. అక్కడ 90 దాటితే ఫ్యాన్ పెట్టండి, ఫ్యాన్ పెట్టినా దిగకపోతే ఒక మెట్టు దిగండి. చల్లటి రాత్రి పూట పాసైన సెట్టింగ్‌ను గది బాగా వేడెక్కిన మధ్యాహ్నం ఇంకోసారి పరీక్షించి, అప్పుడు బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేయండి.